సేవ్ చేస్తే ఒకలా, సీఐలో ఇంకోలా: కోడ్ ఫార్మాటర్ మొండికేస్తే ఎక్కడ వెతకాలి

ఫార్మాటర్ (కోడ్ రూపాన్ని ఒకే శైలిలోకి సర్దే టూల్) పెట్టుకున్నాక కూడా పుల్ రిక్వెస్టుల్లో (కోడ్ మార్పుని టీమ్ పరిశీలనకు పెట్టే చోట) స్పేసుల గురించి, కామాల గురించి వాదనలు నడుస్తున్నాయంటే, మీ టీమ్‌లో ఒకటి కాదు, రెండు ఫార్మాటర్లు నడుస్తున్నాయని అనుమానించండి. ఈ మాట చెప్తే చాలామంది ఒప్పుకోరు. "మాది ఒకటే ప్రెటియర్, కాన్ఫిగ్ కూడా రిపోలోనే ఉంది" అంటారు, అని వెంటనే ఆ కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్ తెరిచి ఒక్కో ఆప్షన్ మార్చి చూడటం మొదలుపెడతారు. సాయంత్రానికి కాన్ఫిగ్‌లో అక్కర్లేని లైన్లు నాలుగు చేరతాయి, సమస్య మాత్రం అక్కడే ఉంటుంది.

దయచేసి కాన్ఫిగ్ ముట్టుకోకముందు ఒక్క పని చేయండి. ఎడిటర్ని పక్కనపెట్టి, టెర్మినల్లో ప్రాజెక్టు రూట్ ఫోల్డర్ నుంచి, అదే ఫార్మాటర్ని అదే ఫైల్ మీద మీరే నడపండి. ముందు వెర్షన్ ఎంతో అడగండి, ఆ తర్వాత చెక్ ఆప్షన్‌తో (ఫైల్‌ని మార్చకుండా, సరిగ్గా ఉందో లేదో మాత్రమే చెప్పేది) నడపండి, వచ్చిన మెసేజ్ చివరిదాకా చదవండి. నా దగ్గరకు వచ్చే ఫార్మాటర్ సమస్యల్లో చాలావరకు ఈ రెండు కమాండ్లతోనే తేలిపోతాయి, అయినా జనం వదిలేసేది సరిగ్గా వీటినే.

ఇన్‌స్టాల్ చేయడం, సేవ్ చేసినప్పుడు ఫార్మాట్ అయ్యేలా పెట్టుకోవడం మీకు తెలుసనుకుని రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా ప్రెటియర్ (జావాస్క్రిప్ట్ ఫార్మాటర్), బ్లాక్ (పైథాన్ ఫార్మాటర్) నుంచే తీసుకున్నాను, వేరేవి వాడేవాళ్లకీ వెతికే పద్ధతి ఇదే.

సేవ్ కొట్టినా ఏమీ మారడం లేదు

మొదట చూడాల్సింది ఫైల్లో సింటాక్స్ ఎర్రర్ ఉందా అని. ప్రెటియర్, బ్లాక్ లాంటివి కోడ్‌ని ముందు పార్స్ చేసి (దాని నిర్మాణాన్ని చదివి అర్థం చేసుకుని), తర్వాత మొత్తాన్ని తమ పద్ధతిలో మళ్లీ రాస్తాయి. ఎక్కడో ఒక బ్రాకెట్ మూయకపోయినా, మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ గుర్తులు మిగిలిపోయినా పార్స్ కాదు, కాబట్టి ఫైల్‌ని ముట్టుకోవు. ఎడిటర్లో ఇది చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది, టెర్మినల్లో అయితే ఏ లైన్లో ఆగిపోయిందో నంబరుతో సహా కనిపిస్తుంది.

సింటాక్స్ బాగానే ఉంటే, ఆ భాషకి ఎడిటర్లో రెండు ఫార్మాటర్ ఎక్స్‌టెన్షన్లు ఉండి డిఫాల్ట్ ఏదో ఎంచుకోలేదేమో చూడండి. వీఎస్ కోడ్‌లో "ఫార్మాట్ డాక్యుమెంట్ విత్" అన్న కమాండ్ ఇస్తే ఎన్ని ఉన్నాయో, డిఫాల్ట్ ఏదో తెలిసిపోతుంది.

అదీ కాకపోతే ఇగ్నోర్ జాబితా, అంటే ముట్టుకోవద్దని చెప్పిన ఫైళ్ల జాబితా. ప్రెటియర్ 3.0 నుంచి తన ఇగ్నోర్ ఫైల్‌తో పాటు గిట్ ఇగ్నోర్ ఫైల్‌ని కూడా చూస్తుంది. బ్లాక్‌కి ఫోల్డర్ ఇచ్చి నడిపితే బిల్డ్, డిస్ట్, వెన్వ్ లాంటి పేర్లున్న ఫోల్డర్లను దానంతటదే వదిలేస్తుంది. మీ సొంత కోడ్ ఉన్న ఫోల్డర్‌కి బిల్డ్ అని పేరు పెట్టి ఉంటే అది ఎప్పటికీ ఫార్మాట్ కాదు, ఎర్రర్ కూడా రాదు. దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది. ప్రీ-కమిట్ హుక్ (కమిట్ చేసేముందు దానంతటదే నడిచే తనిఖీ) ఒక్కో ఫైల్ పేరు నేరుగా ఇచ్చి బ్లాక్‌ని నడుపుతుంది, పేరు పెట్టి ఇచ్చిన ఫైల్‌కి మామూలు ఎక్స్‌క్లూడ్ వర్తించదు, కాబట్టి మీరు వద్దన్న ఫైల్ కమిట్ దగ్గర మారిపోతుంది. అక్కడ వాడాల్సింది ఫోర్స్-ఎక్స్‌క్లూడ్.

నా దగ్గర పాస్, సీఐలో ఫెయిల్

అసలు దొంగ ఇక్కడే ఉంటాడు. మీ మెషీన్లో సేవ్ చేస్తే ఫైల్ శుభ్రంగా ఉంటుంది. కమిట్ చేస్తే హుక్ ఏవో లైన్లు మార్చేస్తుంది, లేదా సీఐ (కోడ్ పంపిన ప్రతిసారీ సర్వర్‌లో తనిఖీలు నడిపే వ్యవస్థ) ఈ ఫైళ్లు ఫార్మాట్ కాలేదంటూ బిల్డ్ ఆపేస్తుంది. మళ్లీ తెరిచి సేవ్ చేస్తారు, ఒక్క అక్షరం కూడా మారదు. టీమ్‌లో ఇంకొకరు అదే ఫైల్ సేవ్ చేస్తే డిఫ్ (మారిన లైన్ల జాబితా) నిండిపోతుంది. కాన్ఫిగ్ ఫైల్ మాత్రం అందరికీ ఒకటే.

కాన్ఫిగ్ ఒకటే, కానీ వెర్షన్లు వేరు. కాన్ఫిగ్‌లో మనం రాసేది నాలుగైదు ఆప్షన్లు, మిగతా శైలి మొత్తం ఆ వెర్షన్ డిఫాల్ట్‌గా ఎలా రాస్తే అలాగే వస్తుంది. ఆ డిఫాల్టులు వెర్షన్‌తో మారతాయి. ప్రెటియర్ 2.0 2020లో వచ్చినప్పుడు ట్రెయిలింగ్ కామా (చివరి అంశం తర్వాత కూడా పెట్టే కామా), యారో ఫంక్షన్‌లో ఒకే పారామీటర్ చుట్టూ బ్రాకెట్లు, లైన్ ఎండింగ్, ఈ మూడింటి డిఫాల్టులూ మారాయి. 2023లో 3.0 వచ్చాక ట్రెయిలింగ్ కామా ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ల చివరన కూడా పడటం డిఫాల్ట్ అయింది. అంటే ఒకరి దగ్గర 2 సిరీస్, ఇంకొకరి దగ్గర 3 సిరీస్ ఉండి, కామా గురించి కాన్ఫిగ్‌లో ఏమీ రాయకపోతే, కొన్ని లైన్లలోకి విరిగిన ప్రతి ఫంక్షన్ కాల్ దగ్గరా ఇద్దరి మధ్య ఒక కామా తేడా ఉంటుంది. ఒకరు పెడతారు, ఇంకొకరు తీసేస్తారు, మళ్లీ మొదటివాళ్లు పెడతారు, రివ్యూ చేసేవాళ్లకి ఏ మార్పు అసలుదో ఏది కాదో తెలియక టెన్షన్.

బ్లాక్ ఈ విషయంలో చాలా నయం. 2022 జనవరిలో 22.1.0 తో బీటా దశ దాటినప్పటి నుంచి, స్థిరమైన శైలిలో మార్పులు ఏడాదిలో వచ్చే మొదటి రిలీజులోనే చేస్తామన్న విధానం పెట్టుకున్నారు. దాని పర్యవసానం ఏంటంటే, సీఐలో వెర్షన్ బిగించకుండా ఊరికే బ్లాక్ ఇన్‌స్టాల్ చేస్తుంటే, ఏడాది మొదట్లో ఎవరూ కోడ్ ముట్టుకోకపోయినా బిల్డ్ ఎర్రగా మారుతుంది. 24.1.0 ఫైల్ మొదట్లోని డాక్‌స్ట్రింగ్ (వివరణ రాసే టెక్స్ట్) తర్వాత కచ్చితంగా ఒక ఖాళీ లైన్ ఉండాలంది, ఆ ఒక్క మార్పు చాలు బోలెడన్ని ఫైళ్లు ఫెయిల్ అవడానికి. సీ, సీ ప్లస్ ప్లస్‌లకి వాడే క్లాంగ్ ఫార్మాట్ అయితే వెర్షన్ వెర్షన్‌కీ తేడా చూపిస్తుంది, కొత్త వెర్షన్ ఆప్షన్ కాన్ఫిగ్‌లో ఉంటే పాత వెర్షన్ అది తెలియదంటూ ఆగిపోతుంది. ఆప్షన్లే లేని గో ఫార్మాటర్ కూడా 1.19లో డాక్ కామెంట్లను తిరగరాయడం మొదలుపెట్టింది.

మరి ఒకే ప్రాజెక్టులో ఇన్ని వెర్షన్లు ఎలా చేరతాయి? చాలా మామూలుగా చేరతాయి, అందుకే కనపడవు. ప్రాజెక్టు డిపెండెన్సీల్లో ఒకటి ఉంటుంది. ఎడిటర్ ఎక్స్‌టెన్షన్ తనతో పాటు ఇంకొకటి మోసుకొస్తుంది. ప్రీ-కమిట్ తనకంటూ వేరే ఎన్విరాన్‌మెంట్ కట్టుకుని తన కాన్ఫిగ్‌లో "రెవ్" దగ్గర రాసిన వెర్షన్‌నే దించుకుంటుంది, మీ రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో ఏముందో దానికి అక్కర్లేదు. సీఐ ఇమేజ్‌లో ఒకటి, ఎప్పుడో గ్లోబల్‌గా ఇన్‌స్టాల్ చేసి మర్చిపోయింది ఇంకొకటి.

వీటిలో అందరినీ ఎక్కువగా మోసం చేసేది ఎడిటర్. వీఎస్ కోడ్‌కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే బ్లాక్ ఫార్మాటర్ ఎక్స్‌టెన్షన్‌లో "ఇంపోర్ట్ స్ట్రాటజీ" అని ఒక సెట్టింగ్ ఉంది, డిఫాల్ట్‌గా అది ఎక్స్‌టెన్షన్‌తో వచ్చిన బ్లాక్‌నే వాడుతుంది. మీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఏ వెర్షన్ ఎంత జాగ్రత్తగా పెట్టుకున్నా సరే, సేవ్ కొట్టినప్పుడు నడిచేది అది కాదు. దాన్ని "ఫ్రమ్ ఎన్విరాన్‌మెంట్"కి మార్చాలి. ప్రెటియర్ ఎక్స్‌టెన్షన్ ముందు ప్రాజెక్టు నోడ్ మాడ్యూల్స్‌లో వెతుకుతుంది, దొరక్కపోతే తన దగ్గరున్నదాన్ని వాడేస్తుంది. ఇన్‌స్టాల్ చేయకుండా రిపో క్లోన్ చేసి నేరుగా ఎడిట్ చేయడం మొదలుపెట్టినవాళ్ల దగ్గర జరిగేది ఇదే. సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్‌తో కూడా సొంత క్లాంగ్ ఫార్మాట్ వస్తుంది, కాబట్టి ఏది వాడాలో సెట్టింగుల్లో పాత్ ఇచ్చి చెప్పాలి. సీఐలో ఇంకో ఉచ్చు ఉంది: డిపెండెన్సీలు ఇన్‌స్టాల్ కాకముందే ఎన్‌పిఎక్స్‌తో (నోడ్ ప్యాకేజీలను నడిపే కమాండ్) ప్రెటియర్ నడిపితే, లోకల్‌గా లేదు కాబట్టి అప్పటికప్పుడు తాజా వెర్షన్ దించుకుని నడిపేస్తుంది.

పరిష్కారం, ఈ వరసలోనే చేయండి.

ముందు అన్ని చోట్లా వెర్షన్ రాసిపెట్టుకోండి: టెర్మినల్, ఎడిటర్ ఔట్‌పుట్ పానెల్, ప్రీ-కమిట్ ఫైల్, సీఐ లాగ్. సీఐలో ఫార్మాటర్ నడిపే ముందు వెర్షన్ ప్రింట్ చేసే లైన్ ఒకటి శాశ్వతంగా పెట్టండి, తర్వాత ఎప్పుడు గొడవ వచ్చినా లాగ్ చూస్తే చాలు. తేడా ఎక్కడుందో కనిపించాక ఒక్క వెర్షన్ ఎంచుకుని బిగించేయండి. ప్యాకేజీ ఫైల్లో ప్రెటియర్ నంబరు ముందు ^ గుర్తు (దానికంటే కొత్త వెర్షన్లనీ అనుమతించేది) ఉండకూడదు, ప్రెటియర్ వాళ్లు కూడా కచ్చితమైన వెర్షన్‌తోనే ఇన్‌స్టాల్ చేయమంటారు. లాక్ ఫైల్ (డిపెండెన్సీల కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండేది) కమిట్ చేయండి, సీఐలో ఆ లాక్ ఫైల్‌ని బట్టే ఇన్‌స్టాల్ అయ్యే కమాండ్ వాడండి. బ్లాక్‌లో అయితే పైప్రాజెక్ట్ ఫైల్లో "రిక్వైర్డ్-వెర్షన్" అని రాయొచ్చు, అది సరిపోలకపోతే బ్లాక్ పని చేయకుండా ఆగిపోతుంది. నాకు బాగా నచ్చిన ఆప్షన్ ఇది, ఎందుకంటే తప్పు వెర్షన్ మౌనంగా ఫైళ్లను మార్చేయడం కంటే గట్టిగా ఆగిపోవడమే మేలు. ప్రీ-కమిట్ వాడుతుంటే రెవ్ నంబరూ ఇదే ఉండాలి, ఆటో-అప్‌డేట్ కొట్టినప్పుడు అదొక్కటే ముందుకెళ్లిపోతుంది, జాగ్రత్త.

వెర్షన్లు కలిశాక కూడా తేడా ఉంటే, అప్పుడు కాన్ఫిగ్ వైపు చూడండి. రిపోలో ప్రెటియర్ కాన్ఫిగ్ ఫైల్ ఏదీ లేకపోతే ఎక్స్‌టెన్షన్ మీ ఎడిటర్ సొంత సెట్టింగుల్లోని విలువలు తీసుకుంటుంది, టెర్మినల్‌కీ సీఐకీ అవి తెలియవు. ఒక్క ఆప్షన్ కూడా మార్చే ఉద్దేశం లేకపోయినా ఖాళీ కాన్ఫిగ్ ఫైల్ ఒకటి రూట్‌లో పెట్టండి. ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైల్ ఉంటే ప్రెటియర్ అందులోంచి ఇండెంట్, లైన్ వెడల్పు లాంటివి తీసుకుంటుందన్నది కూడా గుర్తుంచుకోండి.

ఫైల్ మొత్తం మారినట్టు డిఫ్ చూపిస్తోంది

చూస్తే ఏ తేడా కనపడదు, కానీ ప్రతి లైనూ ఎరుపు, ఆకుపచ్చ. ఇది లైన్ ఎండింగుల (ప్రతి లైన్ చివర ఉండే, కంటికి కనపడని గుర్తుల) గొడవ, విండోస్, లినక్స్ మెషీన్లు కలిసి పనిచేసే టీముల్లో వస్తుంది. విండోస్‌లో గిట్ మామూలుగా చెక్అవుట్ చేసేటప్పుడు వాటిని సీఆర్-ఎల్ఎఫ్‌గా (విండోస్ పద్ధతి) మారుస్తుంది, ప్రెటియర్ 2.0 నుంచి ఎల్ఎఫ్ (లినక్స్ పద్ధతి) కావాలంటుంది. చాలామంది ప్రెటియర్‌లో ఎండ్ ఆఫ్ లైన్‌ని "ఆటో" చేసి వదిలేస్తారు. అలా చేయొద్దు, ఎర్రర్ మాత్రం పోతుంది, మిశ్రమం రిపోలో అలాగే ఉండిపోతుంది. గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్లో టెక్స్ట్ ఫైళ్లన్నిటికీ ఎల్ఎఫ్ అని రాసి, గిట్ యాడ్‌ని రీనార్మలైజ్ ఆప్షన్‌తో నడిపి, దాన్ని వేరే కమిట్‌గా పెట్టండి.

సేవ్ చేసిన ప్రతిసారీ అటూ ఇటూ మారుతోంది

రెండు పనిముట్లు ఒకే ఫైల్ మీద పోట్లాడుకుంటున్నాయి. జావాస్క్రిప్ట్‌లో అయితే ఈఎస్‌లింట్‌లోని (కోడ్‌లో తప్పులు పట్టే టూల్) శైలి నియమాలు, వాటిని ఆపేసే ఈఎస్‌లింట్-కాన్ఫిగ్-ప్రెటియర్ జాబితాలో చివరన చేర్చండి. పైథాన్‌లో అయితే ఐసార్ట్ (ఇంపోర్ట్ లైన్లను వరసపెట్టే టూల్), దాని ప్రొఫైల్ బ్లాక్ అని పెడితే సరి. పైథాన్ కోడ్ తనిఖీ చేసే ఫ్లేక్8 డిఫాల్ట్ లైన్ పొడవు 79, బ్లాక్‌ది 88, అక్కడా కలపాలి.

పాత కోడ్ మొత్తానికి ఒకేసారి ఫార్మాటర్ నడిపాక బ్లేమ్ పాడైంది

బ్లేమ్ అంటే ఏ లైన్‌ని ఎవరు, ఏ కమిట్‌లో మార్చారో చూపించే గిట్ కమాండ్. ఫార్మాటింగ్ మార్పులు వేరే కమిట్‌లో ఉంటేనే దీనికి మందు ఉంది. ఆ కమిట్ హ్యాష్‌ని ఒక ఫైల్లో రాసి, గిట్ 2.23 నుంచి ఉన్న "బ్లేమ్ ఇగ్నోర్ రెవ్స్ ఫైల్" సెట్టింగ్‌కి ఆ ఫైల్ చూపించండి. ఫార్మాటర్ వెర్షన్ పెంచినప్పుడూ ఇంతే: వెర్షన్ నంబరు మార్పు, దానివల్ల వచ్చిన ఫార్మాటింగ్ ఒక పుల్ రిక్వెస్టులో, ఇంకేమీ కలపకుండా. లాజిక్ మార్పు ఒక్క లైన్ కలిపినా దాన్ని బ్లేమ్ నుంచి దాచేసినట్టే.

మిగతావి

చిన్న లిస్ట్ ఒక లైన్లో పడుతున్నా బ్లాక్ విడదీసే ఉంచుతోందంటే చివర కామా ఉంది, తీసేస్తే కలుస్తుంది. ప్రెటియర్‌లో ఆబ్జెక్ట్ విడిపోయి ఉంటే మొదటి కీ ముందు కొత్త లైన్ ఉందన్నమాట. ఫైల్లో ఒక చోటు నుంచి కిందంతా ఫార్మాట్ కాకపోతే ఎవరో ఫార్మాట్ ఆఫ్ కామెంట్ పెట్టి మళ్లీ ఆన్ చేయలేదు. ప్రెటియర్ 3కి మారాక ప్లగిన్ పనిచేయడం ఆగిపోతే, దాన్ని కాన్ఫిగ్‌లో పేరు పెట్టి రాయాలి, ఇప్పుడు తనంతట తాను వెతుక్కోదు. ఫైల్ ఎన్‌కోడింగ్, ఎక్స్‌టెన్షన్ క్యాష్ పాడవడం లాంటివి అరుదు, వాటి జోలికి చివర్లో వెళ్లండి.

ఇవన్నీ చూసినా తేలకపోతే, ఎవరినైనా అడిగేటప్పుడు స్క్రీన్‌షాట్ పంపకండి. అన్ని చోట్ల వెర్షన్లు, కాన్ఫిగ్ ఫైల్, సమస్య వచ్చే పది లైన్ల కోడ్, టెర్మినల్ మెసేజ్ టెక్స్ట్‌గా పంపండి.