బడి పిల్లలకు గోండి మాట్లాడే పుస్తకం – 3వ భాగం: గొంతు ఎక్కించడం

కిందటి భాగంలో, బొమ్మల పుస్తకాలు తయారుచేసే బ్లూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఆరు పేజీల పుస్తకం పేర్చుకున్నాం. గోండుల్లోని మెస్రం వంశస్థులు హస్తినమడుగు దగ్గర గోదావరి జలం ముంచుకుని, కాలినడకన కేస్లాపూర్ నాగోబా గుడికి తెచ్చే కథ అది. బొమ్మలు పెట్టాం, తెలుగు లిపిలో గోండి వాక్యాలు రాశాం. ఇక ఆ వాక్యాలను ఒకరి చేత చదివించి, ఆ గొంతును పుస్తకంలో రికార్డు చేయాలి.

ముందు భాష సెట్టింగు చూడండి. గోండి అని వెతికితే ఒకటికి మించి వస్తాయి. మనకు కావలసింది ఆదిలాబాద్ గోండి, దాని భాషా కోడ్ డబ్ల్యూ ఎస్ జీ (wsg).

ఎవరు చదవాలి? గోండి రాని టీచరు చదివితే తెలుగు యాసే పలుకుతుంది. ఫోన్లోని తెలుగు మరగొంతుదీ అదే తంతు. అందుకే ఊళ్లో కథ బాగా చెప్పే అవ్వనో, కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ గోండుల వంశగాథలు పాడే ప్రధాన్‌నో బతిమాలి కూర్చోబెట్టండి. చదువు రాకపోయినా పర్లేదు. గోండి చదవగలిగే పిల్లాడు ఒక్కో వాక్యం వినిపిస్తే అవ్వ తన పద్ధతిలో చెబుతుంది. అవ్వ మాట మన రాతకు తేడాగా ఉంటే రాతనే దిద్దండి. అవ్వ చేత మన వాక్యం బట్టీ పట్టించారా, కథలో ఉప్పూకారం పోయినట్టే.

ఇప్పుడు బ్లూమ్‌లో గొంతు రికార్డు చేసే టాకింగ్ బుక్ టూల్ తెరవండి. మొదటి వాక్యం పసుపు రంగులో కనిపిస్తుంది. స్పీక్ బటన్ నొక్కి పట్టుకున్నంత సేపే రికార్డవుతుంది. కాబట్టి మాట మొదలవక ముందే నొక్కండి, అయ్యాక ఓ క్షణం ఆగి వదలండి, లేదంటే మొదటి అక్షరమో చివరి అక్షరమో తెగిపోతుంది. చెక్ నొక్కి వినండి, బాగుంటే నెక్స్ట్. వాక్యం పొడుగైతే మధ్యలో నిలువు గీత (|) పెట్టండి, రెండు ముక్కలుగా రికార్డు చేసుకోవచ్చు.

మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. ఫ్యాను ఆపేయండి. రేకుల గదిలో గొంతు మారుమోగుతుంది, చుట్టూ దుప్పట్లు వేలాడదీస్తే చాలావరకు తగ్గుతుంది.

అయ్యాక పబ్లిష్‌లో బ్లూమ్‌పబ్ (ట్యాబ్‌లో తెరుచుకునే పుస్తకం ఫైలు) ఎంచుకుని, వైఫై మీదుగా బడి ట్యాబ్‌లోని బ్లూమ్ రీడర్ అనే చదివే యాప్‌కు పంపండి. ఒకసారి చేరాక ఇంటర్నెట్ అక్కర్లేదు.

గోండికి సొంతంగా ఉన్న గుంజాల గోండి లిపి సంగతేంటని కొందరు అడిగారు. అది 2018లో, కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే ప్రమాణమైన యూనికోడ్‌లో చేరింది, ఉచిత ఫాంటూ ఉంది. ఇదే పుస్తకాన్ని ఐదో భాగంలో ఆ లిపిలోకి మారుద్దాం.

వచ్చేసారికి రెండు పేజీలు రికార్డు చేసి తెండి. చివరి పేజీలో ఆ గొంతు ఎవరిదో పేరు రాయండి, వాళ్లు ఒప్పుకుంటేనే.