కావాలనే తప్పు వాయించడం ఎలా: హార్మోనియం, కీబోర్డు పట్టుకునేవాళ్ల కోసం

కాలేజీ యానివర్సరీ వచ్చినా, కాలనీ వినాయక మండపం దగ్గర ప్రోగ్రామ్ పెట్టినా, ఎవరిదైనా రిటైర్మెంట్ ఫంక్షన్ అయినా హన్మకొండలో నా దగ్గర నేర్చుకునే పిల్లలు ఒకటే అడుగుతారు: "సార్, ఆ తప్పుల ఐటం మాకూ నేర్పండి." తెలిసిన పాటలో కావాలని తప్పు స్వరాలు వేసి జనాన్ని నవ్వించే ఐటం అది. నేర్పుతాను, కానీ అందరికీ కాదు. సరళీ స్వరాలు, జంట స్వరాలు లాంటి తొలి పాఠాలు పెట్టె మెట్ల వైపు చూడకుండా మూడు కాలాల్లో వాయించేవాళ్లకే. అంతకంటే ముందు నేర్పితే పిల్లల చెవి పాడవుతుంది. ఏది తప్పో తెలియనివాడు కావాలని తప్పు చేయలేడు.

ఈ విద్యలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి లెస్ డాసన్ అనే హాస్య కళాకారుడు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో 1931లో పుట్టాడు. 1967లో ఒక టీవీ టాలెంట్ పోటీతో వెలుగులోకి వచ్చాడు. 1993లో చనిపోయేదాకా అక్కడివాళ్లకు ఇంట్లో మనిషిలాగే ఉన్నాడు. బొద్దుగా ఉంటాడు, ఎప్పుడు చూసినా దిగులు మొహమే. పియానో ముందు కూర్చుని అందరికీ తెలిసిన పాట ఎత్తుకుంటాడు. మొదలు బాగానే ఉంటుంది. నాలుగు అడుగులు వేశాక ఒక స్వరం పక్కకు జారుతుంది. ఇంకాసేపటికి ఇంకొకటి. ఆయన మొహంలో మాత్రం వీసమెత్తు మార్పు ఉండదు. గొప్ప కచేరీ చేస్తున్నవాడిలా శ్రద్ధగా వాయిస్తూనే ఉంటాడు, పైగా జనాన్ని కూడా పాడమంటాడు. జనం నవ్వలేక, పాడలేక అల్లాడిపోతారు. నిజానికి పియానో బాగా వచ్చినవాడు. ఆ వీడియోల్లో చేతులు చూడండి, తప్పు మెట్టు మీద కూడా వేలు తడబడదు.

నాకు ఈ పిచ్చి డాసన్ గురించి తెలియకముందే అంటింది. పరకాల వైపు మా ఊళ్లో పెద్దబాపు (పెదనాన్న) భజన మండలికి హార్మోనియం వాయించేవాడు. మంగళహారతి అయిపోయి పెద్దవాళ్లు ప్రసాదం దగ్గరికి పోయాక పిల్లలమంతా పెట్టె చుట్టూ చేరేవాళ్లం. అప్పుడు మాకోసమని బడిలో పాడుకునే పాట ఒకటి ఎత్తుకుని, సరిగ్గా మేం గొంతు పెంచే చోట పక్క మెట్టు నొక్కేవాడు. మేం పడీపడీ నవ్వుతుంటే ఏమీ ఎరగనట్టు తిత్తి ఊపుతూ కూర్చునేవాడు. "తప్పు గూడ తాళంలనే పడాలె బిడ్డా" అనేవాడు. నేను పిల్లలకు చెప్పే మొదటి పాఠం ఇప్పటికీ అదే.

తాళం ఎందుకంత ముఖ్యం? వినేవాళ్లు పాటను గుర్తుపట్టేది నడకతోనూ, స్వరాలు పైకెక్కి కిందికి దిగే తీరుతోనూ. ఆ రెండూ నిలబడితే నాలుగు స్వరాలు మారినా పాట పాటలాగే వినబడుతుంది. అప్పుడే తప్పు తప్పులా తెలుస్తుంది, నవ్వు వస్తుంది. తాళం పోయిందా, "పాపం, మరిచిపోయాడు" అని జనం జాలిపడతారు. జాలి మొదలైతే ఇక నవ్వు రాదు.

రెండోది, ఏ స్వరం మార్చాలి. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. షడ్జమం (స) బదులు గాంధారం (గ) నొక్కితే తప్పులా ఉండదు, సంగతి వేసినట్టు, అంటే పాట వరుసను అందంగా మార్చినట్టు ఉంటుంది. మనవాళ్ల చెవులు సంగతులకు అలవాటు పడినవి, "బాగా వేశాడు" అనుకున్నా అనుకుంటారు. తప్పు కావాలంటే అసలు స్వరాన్ని ఆనుకుని ఉన్న మెట్టే నొక్కాలి, ఆ పాటలో లేని మెట్టు. తెల్ల మెట్టు పక్కనున్న నల్ల మెట్టు చాలు. వేలు జరిగేది అర అంగుళమే, చెవికి మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది.

ఉదాహరణకు పుట్టినరోజు పాట తీసుకుందాం. కరీంనగర్ నుంచి భూపాలపల్లి దాకా అది తెలియని ఇల్లు లేదు. ఒకటి శృతిలో, అంటే సి షడ్జమంగా పెట్టుకుంటే అన్నీ తెల్ల మెట్లే. మంద్ర పంచమం, అంటే కింది స్థాయి ప నుంచి మొదలవుతుంది:

ప ప ద ప స ని
ప ప ద ప రి స
ప ప ప గ స ని ద
మ మ గ స రి స

మొదటి రెండు వరుసల్లో షడ్జమానికి ముందున్న స్వరాలు, మొదటి వరుస చివరి నిషాదం మంద్రంలోవి. రెండో వరుసలోని రిషభం మాత్రం మధ్య స్థాయిది. మూడో వరుసలో మొదటి రెండు పంచమాలు మంద్రం, మూడోది ఒక్కసారిగా స్థాయి ఎగబాకి మధ్య స్థాయి పంచమం. అదే ఈ పాటకు ప్రాణం. అక్కడికి రాగానే ఎవరైనా ఊపిరి బిగబట్టి గొంతు పైకెత్తుతారు.

మొదటి వరుస పూర్తిగా సరిగ్గా వాయించండి. ఒక్క తప్పు కూడా వద్దు. వినేవాళ్లు నమ్మాలి, కుర్చీలో వెనక్కి వాలాలి. రెండో వరుసలో కూడా రిషభం దాకా సరిగ్గానే రండి. చివరి షడ్జమం దగ్గర దాని పక్క నల్ల మెట్టు నొక్కి, ఆ స్వరానికి ఉన్న నిడివి అంతా నిలబెట్టండి. భయపడి వెంటనే వేలు తీసేయకండి. తీసేస్తే అది పొరపాటు, నిలబెడితే అది ఐటం. మూడో వరుసలో రెండు మంద్ర పంచమాలు గట్టిగా పలికించి పైకి ఎగిరి, పంచమానికి ముందున్న నల్ల మెట్టు, అదే ప్రతి మధ్యమం, మీద దిగండి. ఎక్కబోయి ఒక మెట్టు కిందనే ఆగిపోయినట్టు ఉంటుంది. హాలంతా గొల్లుమనేది ఇక్కడే. తర్వాతి నాలుగు స్వరాలూ అస్సలు ముట్టుకోకండి, నవ్వడానికి జనానికి చోటు కావాలి. ఆఖరి వరుస పూర్తిగా సరిగ్గా వాయించి పంపండి. నాలుగు వరుసలకు రెండు తప్పులు. మూడోది వేయాలని చేయి లాగుతుంది, వేయకండి.

రెండోసారి తిప్పి వాయించేటప్పుడు చోటు మార్చండి. రెండో వరుస చివరి షడ్జమం ఈసారి సరిగ్గానే పలికించండి. జనం అక్కడ తప్పు కోసం కాచుకుని ఉంటారు, అది రాకపోయేసరికి ఇంకా నవ్వుతారు.

సాధన ఎలా చేయాలంటే, పాటను కాగితం మీద స్వరాల్లో రాసుకుని, తప్పు వేయబోయే చోట ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి, పక్కన ఏ మెట్టు నొక్కాలో కూడా రాయండి. తప్పుకు కూడా స్వరం ఉండాలి. స్టేజీ మీద ఏదో ఒకటి నొక్కేద్దాం అనుకుంటే టెన్షన్‌లో చేయి సరైన మెట్టు మీదికే పోతుంది, లేదా అన్నీ కలగాపులగం అవుతాయి. తప్పుతో ఎంతసేపు సాధన చేసినా లేచే ముందు ఆ పాట ఒకసారి శుద్ధంగా వాయించి లేవండి. ఈ నియమం నా క్లాసులో అందరూ పాటించాల్సిందే. చివర విన్నదే చెవిలో మిగులుతుంది.

కీబోర్డు అయితే ఎడమ చేయి కార్డ్స్ (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) మాత్రం ఎన్నటికీ తప్పకూడదు. కింద సరైన కార్డ్ నిలబడి ఉంటేనే పైన జారిన స్వరం కొట్టొచ్చినట్టు వినబడుతుంది. పుట్టినరోజు పాటది మూడు మాత్రల నడక కాబట్టి రిథమ్ కూడా అదే పెట్టుకోండి. ట్రాన్స్‌పోజ్ (శృతి మార్చే) బటన్ సున్నాలో ఉందో లేదో ముందే చూసుకోండి. హార్మోనియం అయితే ఎడమ చేయి తిత్తి మీదనే ఉంటుంది, కార్డ్స్ ఉండవు, కాబట్టి తోడు మనిషి తప్పనిసరి. తబలా అయినా, డోలక్ అయినా సరే. ఎక్కడ తప్పు వస్తుందో ఆయనకు ముందే చెప్పండి, నవ్వి తాళం వదిలేస్తే కష్టం. పెట్టె కూడా మంచి శృతిలో ఉండాలి. రీడ్లు పోయిన పాత పెట్టె మీద అన్నీ తప్పులే, మీరు వేసింది ఏదో ఎవరికి తెలుస్తుంది?

సౌండ్ సిస్టమ్ తమ్మునికి కూడా ఒక మాట చెప్పి ఉంచండి. చెప్పకపోతే కేబుల్ ఏమైందోనని మధ్యలో స్టేజీ మీదికి పరిగెత్తుకొస్తాడు.

తాళాన్ని కూడా ఆటలోకి లాగినవాళ్లు లేకపోలేదు. అమెరికాలో పాల్ వెస్టన్, జో స్టాఫర్డ్ అని దంపతులు. ఆయన పేరున్న సంగీత దర్శకుడు, పియానిస్టు. ఆమె శృతి శుద్ధికి పేరు మోసిన గాయని. జొనాథన్, డార్లీన్ ఎడ్వర్డ్స్ అని మారుపేర్లు పెట్టుకుని, ఆమె అపశ్రుతిలో పాడుతుంటే ఆయన మాత్రలు ఎక్కువ తక్కువ చేసి వాయిస్తూ రికార్డులు చేశారు. కామెడీ విభాగంలో 1961లో వాళ్లకు గ్రామీ అవార్డు కూడా వచ్చింది. వినండి, ఆనందించండి. కానీ ఆ దారి ఇప్పుడే పట్టకండి. ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన ఇద్దరికే అది సాధ్యం. డెన్మార్క్‌లో పుట్టిన హాస్య పియానిస్టు విక్టర్ బోర్గ చేసినట్టు స్వరాల కాగితం తలకిందులుగా పెట్టడం, స్టూలు మీది నుంచి పడడం లాంటివి కూడా తర్వాత చూసుకోవచ్చు. ముందు వేళ్లతో నవ్వించడం రావాలి.

ఇక మొహం. నవ్వకూడదు, కన్ను కొట్టకూడదు, తప్పు పడగానే జనం వైపు చూడకూడదు. మీకు ఆ పాట అంటే ప్రాణం అన్నట్టు వాయించాలి, నటించడం కాదు, నిజంగానే అంత ఇష్టంగా వాయించాలి. మన వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ గారిని తలుచుకోండి. డాసన్ పుట్టిన తర్వాతి ఏడాది, 1932లో పుట్టారు. 2018లో పోయారు. పద్మశ్రీ అందుకున్న ధ్వన్యనుకరణ కళాకారుడు. ఒక్క గొంతుతో ఎందరి గొంతులు పలికించినా ఎవరినీ చిన్నబుచ్చినట్టు ఉండేది కాదు, ఆ మనిషిని ఎంత శ్రద్ధగా విన్నారో తెలిసేది. మీరు తప్పు వాయించినా ఆ పాటను అంత శ్రద్ధగా విన్నారని తెలియాలి.

ఏ పాట ఎంచుకోవాలో ఒక పట్టాన తేలదు కానీ, ఏవి ముట్టుకోకూడదో నాకు తెలుసు. జాతీయ గీతం, మన రాష్ట్ర గీతం వద్దే వద్దు. భజనలు వద్దు, పెద్దబాపు కూడా హారతి అయ్యాకనే చేసేవాడు, అదీ దేవుడి పాట కాకుండా. బతుకమ్మ ఆడుతున్న చోట అసలే వద్దు. ఆడబిడ్డలు చప్పట్లు కొడుతూ ఆ "ఉయ్యాలో" మీదనే అడుగు వేస్తారు, మీరు తప్పితే వాళ్ల అడుగు తప్పుతుంది. కూర్చుని వినేవాళ్ల ముందరే ఈ ఐటం.

మొదటిసారి చేసేవాళ్లు స్టేజీ ఎక్కకండి. ఇంట్లో ఎవరిదైనా పుట్టినరోజుకు చేయండి, అదీ కేక్ కోసే ముందు కాదు, ముక్కలు పంచిన తర్వాత. పుట్టినరోజు పిల్లకు ముందు పాట మంచిగా పాడి, కొవ్వొత్తులు ఊదనిచ్చి, నోట్లో కేక్ పెట్టాక, "ఇంకోసారి వాయిస్తా, అందరూ పాడాలె" అని మొదలుపెట్టండి.