రెండో పరీక్ష వచ్చేదాకా
హన్మకొండలో చేయించుకున్న రక్తపరీక్షలో పరగడుపు షుగర్ 131 అని చూడగానే, మా నాయనకున్న జబ్బు నాకూ వచ్చిందని నిశ్చయించుకుని రెండు రాత్రులు నిద్రపోలేదు. లక్షణాలేవీ లేనప్పుడు, 126 దాటిన ఒక్క ఫలితంతో మధుమేహమని తేల్చరని, మరో పరీక్ష కూడా దానిని బలపరచాలని డాక్టరు గారు వివరించి, సుమారు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ రాశారు. అది 6.3 వచ్చింది, మధుమేహానికి హద్దు 6.5. రెండూ పొసగనందున పరగడుపు పరీక్షే మళ్లీ చేయించగా 118 వచ్చింది, అంటే మధుమేహానికి ముందు దశ. రాత్రి అన్నం మాని రెండు జొన్నరొట్టెలకు మారాను (జొన్నలోనూ పిండిపదార్థమే ఉంటుంది కనుక మూడోది అడగను). సాయంత్రం భద్రకాళి చెరువు కట్టపై నడుస్తున్నాను. మూడు నెలల తరువాత హెచ్‌బీఏ1సీ 5.9కి దిగింది.