దొంగ దొరికాక చేయవలసిన పనులు

‘దొంగ, దొంగ’ అని కేక వినబడితే హైదరాబాద్ బడీచౌడీ సందులో ఎవరి పని వాళ్లు ఆపేసి పరుగెత్తుకొస్తారు. మిర్చిబజ్జీల బండి దగ్గర నిలబడ్డవాడు బజ్జీ నోట్లో ఉండగానే వచ్చి ఒక దెబ్బ వేసి వెళ్తాడు. ఇక్కడి చీరల దుకాణంలో ఏళ్ల తరబడి పై అంతస్తు చూసుకుంటున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, కొట్టేవాళ్లలో సొమ్ము పోయినవాడు దాదాపు ఉండడు. మా సేఠ్‌కు చీర తిరిగొస్తే చాలు. చేతులు దురద పెట్టేది దారిన పోయేవాళ్లకే. అందుకని ఇది ముందు వాళ్ల కోసం, తర్వాత నాలాంటి దుకాణాల వాళ్ల కోసం.

మొదట చట్టం సంగతి తేల్చుకుందాం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ బదులు వచ్చిన శిక్షా చట్టం) ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. మీ ఆస్తినే కాదు, ఇతరుల ఆస్తిని కాపాడటానికి కూడా ఆ హక్కు వర్తిస్తుంది. ఇంతవరకు చదివి చొక్కా చేతులు మడిచేవాళ్లు చాలామంది. తర్వాతది కూడా చదవాలి. ఆస్తి కోసం ప్రాణం తీసేదాకా వెళ్లడానికి 41వ సెక్షన్ ఒప్పుకునే సందర్భాలు నాలుగే: దోపిడీ, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడటం, మనుషులుండే ఇంటికో సరుకు దాచే కట్టడానికో నిప్పు పెట్టడం, ఇక ఆపకపోతే ఎవరో ఒకరు చస్తారనో తీవ్రంగా గాయపడతారనో న్యాయంగా భయపడవలసిన తీరులో జరిగే దొంగతనం, విధ్వంసం, ఇంట్లోకి అక్రమ ప్రవేశం. గద్వాల చీర సంచిలోకి జారిపోవడం వీటిలో ఎక్కడా లేదు.

ఇంకో రెండు గీతలున్నాయి. పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదు, ఉన్నా అవసరానికి మించి ఒక్క దెబ్బ పడకూడదు అంటుంది 37వ సెక్షన్. దొంగతనం విషయంలో ఆ హక్కు ఎప్పటితో ముగుస్తుందో చెప్పేది 43. సొమ్ముతో దొంగ తప్పించుకుపోయినప్పుడు, పోలీసుల సాయం అందినప్పుడు, లేదా సొమ్ము చేతికి తిరిగి వచ్చినప్పుడు. నా దృష్టిలో మొత్తం విషయానికి ఈ మూడోదే కీలకం. చీర కౌంటరు మీదికి తిరిగి వచ్చాక పడే ప్రతి దెబ్బా కొట్టినవాడి నేరమే. అప్పటిదాకా ఒక దొంగే, ఆ తర్వాత అక్కడ ఇరవైమంది నేరస్థులుంటారు.

చీర ఎలా పోతుందో చూస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. శ్రావణమాసంలో, పెళ్లిళ్ల రోజుల్లో తెల్లటి పరుపుల చుట్టూ కాలు పెట్టడానికి చోటుండదు. నలుగురు ఆడవాళ్లు కలిసి వస్తారు. ఒకామె రంగు బాగాలేదంటూ చీరల మీద చీరలు దింపిస్తుంది, ఇంకొకామె బేరం మొదలుపెట్టి కుర్రాడి కళ్లు తనవైపు తిప్పుకుంటుంది, మూడో ఆమె ఒళ్లో పసిపిల్లను అటూ ఇటూ మార్చుకుంటూ ఉంటుంది. నాలుగో ఆమె మోకాలి కింద ఒక మడత మెల్లగా కనబడకుండా పోతుంది. కత్తి లేదు, కర్ర లేదు, అరుపు లేదు. పసిగట్టినప్పుడు నేను చేసేది ఒకటే. పక్కన కూర్చుని, “అమ్మా, ఒక మడత మీ కుచ్చిళ్ల కింద ఇరుక్కుంది, తీసివ్వండి” అంటాను. పదిలో తొమ్మిదిసార్లు చీర బయటికొస్తుంది. ఇలాంటి చోట ప్రాణాపాయం అనే మాటకు తావెక్కడిది?

ఇక మీరు సందులో ఉన్నారు, కేక వినబడింది. చేతులు మీ దగ్గరే ఉంచుకుని 100కో 112కో ఫోన్ చేయండి. దుకాణం పేరు, సందు, దగ్గరి గుర్తు చెప్పండి. సుల్తాన్ బజార్ లాంటి చోట్ల సందు పేరు చెప్పకపోతే పెట్రోలింగ్ వాళ్లు ముఖ్యరోడ్డు మీదే తిరుగుతుంటారు. తర్వాత నిలబడి చూడండి. ఎవరు పట్టుకున్నారు, సొమ్ము ఎక్కడ దొరికింది, ఎవరు మొదటి దెబ్బ వేశారు, రేపు పనికొచ్చేది ఈ మూడే. దేహశుద్ధి చేసి ఆ తర్వాత పోలీసులకు అప్పగించడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. ముందు పోలీసులకు చెప్పండి, దేహశుద్ధి అవసరమే రాదు.

పట్టుకోవచ్చా అని అడుగుతారు. అరెస్టులు, విచారణ ఎలా జరగాలో చెప్పే నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ మామూలు మనిషికీ ఆ అధికారం ఇచ్చింది, కానీ కట్టుదిట్టంగా ఇచ్చింది. పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోగల, బెయిలు హక్కుగా దొరకని నేరం మీ కళ్ల ముందు జరిగి ఉండాలి. ఎవరో చెప్పారనో, మొహం అనుమానంగా ఉందనో కుదరదు. పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా, ఎంత లేదన్నా ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. ఐదు వేల లోపు సొమ్ముతో మొదటిసారి దొరికి, దాన్ని తిరిగి ఇచ్చేసినవాళ్లకు న్యాయ సంహిత 303వ సెక్షన్ రాసిన శిక్ష సమాజ సేవ. అలాంటిదాన్ని వారెంటు అవసరమైన, బెయిలు దొరికే నేరాల్లోనే చేర్చారు. సరుకు దాచే కట్టడంలో దొంగతనమని పోలీసులు 305 పెడితే లెక్క మారుతుంది, ఏడేళ్ల దాకా పడవచ్చు. ఏ సెక్షన్ అన్నది వాళ్లు తేలుస్తారు, కౌంటరు దగ్గర మీరూ నేనూ వాదించుకుని లాభం లేదు. నా సలహా, తలుపు దగ్గర దారికి అడ్డంగా నిలబడి మాటలతో ఆపండి. తోసుకుని పోతే పోనివ్వండి, కెమెరా ఉంది.

పట్టుకోక తప్పకపోతే స్టూలు వేసి కూర్చోబెట్టండి. బోర్లా పడేసి వీపు మీద కూర్చోవడం, మెడ చుట్టూ చెయ్యి బిగించడం అసలే వద్దు. బోర్లా పడ్డ మనిషి మీద బరువు పడితే ఛాతీ కదలదు, ఊపిరి అందదు. గింజుకోవడం చూసి ఎదిరిస్తున్నాడనుకుని ఇంకా గట్టిగా నొక్కుతారు. గింజుకోవడం ఆగిపోయింది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లను చూస్తే నాకు భయం. వెంటనే పక్కకు తిప్పి 108కి ఫోన్ చేయాలి. షట్టరు దించకండి, గోదాములో పెట్టి గొళ్లెం వేయకండి, అది అక్రమ నిర్బంధం. ఆడమనిషి అయితే పక్కన ఆడమనిషే ఉండాలి. ఒళ్లు తడమడం, చీర కొంగు లాగడం, సంచి లాక్కుని దులపడం దుకాణం వాళ్లకూ హక్కు కాదు. ఆ పని చేస్తే మీ మీద పడే కేసు ఆమె కేసు కంటే పెద్దది. పిల్లలైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. ఆ పిల్లల ఫొటో, పేరు బయటపెడితే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలో, రెండు లక్షల వరకు జరిమానానో, రెండూనో పడవచ్చు.

దొంగ కత్తి తీస్తే? అప్పుడది దోపిడీగా మారుతుంది, చట్టం మీకు ఎక్కువ వెసులుబాటు ఇస్తుంది. అయినా నేను మా కుర్రాళ్లకు చెప్పేది దారి వదలమనే. చీరకు ధర చీటీ ఉంది, మీ పొట్టకు లేదు. తప్పించుకునే దారి లేక నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేసేది వేరు. కత్తి పారేసి పరుగెడుతున్నవాణ్ని వెంటాడి వెనకనుంచి తలమీద రాడ్డుతో కొట్టడం వేరు. రెండోదాన్ని ఏ జడ్జి ముందూ ప్రాణభయమని నమ్మించలేరు.

గుంపులో కలిసి ఒక్క దెబ్బే వేశానంటే తప్పించుకోవచ్చన్న భ్రమ కూడా వదులుకోవాలి. ఐదుగురు లేదా ఆపైన ఒకే ఉద్దేశంతో చేరి చేసిన నేరానికి అందులోని ప్రతి ఒక్కరూ బాధ్యులే అంటుంది న్యాయ సంహిత 190వ సెక్షన్. 2018 ఫిబ్రవరిలో కేరళలోని అట్టపాడిలో బియ్యం దొంగిలించాడన్న అనుమానంతో మధు అనే ఆదివాసి యువకుణ్ని పట్టుకుని, చేతులు కట్టి కొట్టారు, పక్కన నిలబడి సెల్ఫీ కూడా తీసుకున్నారు. ఆయన అదే రోజు చనిపోయాడు. 2023 ఏప్రిల్‌లో కోర్టు పదమూడు మందికి ఏడేళ్ల కఠిన కారాగార శిక్ష వేసింది. మన ఊళ్లోనూ 2018 మే నెలలో చాంద్రాయణగుట్టలో, పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న వాట్సాప్ పుకారు నమ్మి ఒక ట్రాన్స్‌జెండర్‌ను కొట్టి చంపారు. అక్కడ దొంగతనం కూడా లేదు, కేక మాత్రమే ఉంది.

కాబట్టి గుంపు పెరుగుతుంటే మీరు చేయగల మేలు దొంగకూ జనానికీ మధ్య నిలబడటం. “అన్నా, చీర దొరికింది, పోలీసులు వస్తున్నారు” అని గట్టిగా, పదేపదే అనండి. నీతులు చెబితే ఎవరూ వినరు. పోలీసులు వస్తున్నారంటే మాత్రం కర్ర పట్టుకున్నవాడు ముందుగా జారుకుంటాడు. వీడియో తీస్తే మొత్తం తీయండి, పోలీసులకే ఇవ్వండి, గ్రూపుల్లో పెట్టకండి.

దుకాణం వాళ్లకు కొన్ని. కెమెరా దృశ్యాలు చెరిగిపోకముందే అదే సాయంత్రం తీసి పెట్టుకోండి. వాటిని సాక్ష్యంగా ఇచ్చేటప్పుడు కోర్టు సాక్ష్యాల చట్టమైన సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి, కెమెరాలు పెట్టినవాణ్నే అడిగితే సాయం చేస్తాడు. ఫిర్యాదు చేస్తే దొరికిన చీర కేసు సొత్తు అవుతుంది, కోర్టు అనుమతి లేకుండా తిరిగి రాదు. సేఠ్‌లు ఫిర్యాదుకు వెనకాడేది అందుకే, అది నాకు తెలుసు. దానికి బదులు కొందరు పోలీసుల పేరు చెప్పి చీర ధరకు పది రెట్లు వసూలు చేస్తారు, అది బెదిరించి డబ్బు లాగడమే, విడిగా ఒక నేరం. ఫిర్యాదు వద్దనుకుంటే చీర తీసుకుని, రిజిస్టరులో తేదీ, ధర, ఇద్దరు సాక్షుల సంతకాలు రాసి పంపేయండి. పంపేటప్పుడు ముందు గుమ్మం నుంచి కాదు, వెనక సందులోంచి, ఆటో ఎక్కేదాకా మన మనిషిని ఒకరిని తోడిచ్చి పంపండి. బయట బజ్జీల బండి దగ్గర ఇంకా కొందరు కాచుకుని ఉంటారు.