మావయ్య ఫోన్‌కి పట్టింది వైరస్ కాదు

మాది మద్దిలపాలెం. చుట్టాలొస్తే కాఫీ తాగకముందే ఫోన్ నా చేతిలో పెడతారు, "ఓసారి చూడరా, ఏటో అయిపోతంది" అని. మొన్న గాజువాక నుంచి మావయ్య, అత్తయ్య వచ్చారు, ఆయన ఫోన్‌లో ఉన్న మూడు రోగాలూ చాలామందికి ఉన్నవే కాబట్టి రాస్తున్నా. ఇవి ఆండ్రాయిడ్‌కి, మెనూ పేర్లు ఫోన్‌ని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి.

సమస్య: ఏ యాప్ తెరవకపోయినా "మీ ఫోన్‌లో వైరస్", "లోన్ రెడీ" అని నోటిఫికేషన్లు.

కారణం: ఎప్పుడో క్రికెట్ స్కోర్ కోసమో సీరియల్ కోసమో ఏదో సైట్‌కి వెళ్తే "మీరు రోబో కాదంటే అలౌ నొక్కండి" అంటుంది, మనం నొక్కేస్తాం, అంతే, మన ఇంటి గోడ మీద పోస్టర్ అంటించుకోమని వాడికి పర్మిషన్ ఇచ్చేసినట్టే, ఇక సైట్ మూసేసినా క్రోమ్ ద్వారా వస్తూనే ఉంటాయి. మావయ్య ఈలోపు రెండు యాంటీవైరస్‌లు వేశాడు, వాటి యాడ్స్ అదనం.

పరిష్కారం: నోటిఫికేషన్‌ని వేలితో నొక్కిపట్టుకుంటే పంపిన యాప్ పేరు కనిపిస్తుంది. క్రోమ్ అని ఉంటే క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కి వెళ్ళి తెలియని సైట్లన్నీ బ్లాక్ చేసేయండి. మావయ్య దాంట్లో పదకొండున్నాయి. అదే ఏ టార్చ్ యాపో క్లీనర్ యాపో అయితే బ్లాక్ చెయ్యడం దండగ, తీసిపారేయండి.

రెండోది, మధురవాడలో ఫ్లాట్ కోసం ఒక్కసారి వెతికారట, వారం నుంచి ఏ యాప్ తెరిచినా ఫ్లాట్లే. ఫోన్ మన మాటలు వింటోందని అత్తయ్య ఖాయం చేసేసింది. దీనికి వినక్కర్లేదు అత్తయ్యా, అడ్వర్టైజింగ్ ఐడీ అని ఫోన్‌లో ఓ నంబర్ ఉంటుంది, ఒక యాప్‌లో చూసింది ఇంకో యాప్‌లో వెంటపడేది దాన్ని పట్టుకునే. సెట్టింగ్స్, గూగుల్, యాడ్స్‌లో దాన్ని డిలీట్ చేశా. యాడ్స్ ఆగవు, వెంటపడ్డం తగ్గుతుంది.

అసలు కష్టం మూడోది. సింహాచలం చందనోత్సవం చూద్దామని మావయ్య యూట్యూబ్ తెరిస్తే గంట పోయాక ఎవరిదో బావి తవ్వకంలో తేలతాడు. 1994లో హాట్‌వైర్డ్ సైట్‌లో మొదటి బ్యానర్ యాడ్స్ వచ్చినప్పుడు పేజీకి అడుగు అంటూ ఉండేది, 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ అంతులేని స్క్రోల్ (కిందికి జరిపేకొద్దీ కొత్తవి వస్తూనే ఉండేది) తయారుచేశాక అడుగే లేదు (తర్వాత ఆయనే బాధపడ్డాడు లెండి). మనం ఎంతసేపు కూర్చుంటే అన్ని యాడ్స్ అమ్ముడుపోతాయి, అందుకే పాతవి చూసిన లెక్కన కొత్తవి వడ్డిస్తూనే ఉంటుంది. దీనికి యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ, అంటే మనం చూసిన వీడియోల చిట్టా, ఆఫ్ చేసి పాతదంతా క్లియర్ చెయ్యాలి. 2023 ఆగస్టు నుంచి హిస్టరీ లేనివాళ్ళకి హోమ్ పేజీలో వీడియోలు రావు, కావాల్సింది వెతుక్కోవాల్సిందే.

రాత్రి మావయ్య ఫోన్. "ఒరే, నా యూట్యూబ్‌లో ఏటీ లేదురా!"

"వెతుక్కో మావయ్యా."

"ఇప్పుడు టైపింగెవడు చేస్తాడు?"

మైక్ బొమ్మ నొక్కి మాట్లాడు, అదే వింటుంది అన్నా. వెనకనుంచి అత్తయ్య, "చూశావా, వింటాదని నే చెప్పలేదూ!"