కండె చెడితే ప్రోటీన్‌ను అనుమానించే ముందు: డ్రోసోఫిలా స్లైడులో సమస్యలు, పరిష్కారాలు

అమలాపురం, భీమవరం, కాకినాడ వైపు కళాశాలల్లో డ్రోసోఫిలా (పండ్ల ఈగ) డింభకాల మెదడు తీసి కణ విభజన చూసేవారికి ఎదురయ్యే చిక్కులివి. కండె అంటే విభజన వేళ క్రోమోసోములను రెండు ధ్రువాలకు లాగే పోగుల అమరిక; ఆ పోగులే సూక్ష్మనాళికలు. కండెలో కనిపించే లోపం సూక్ష్మనాళికలకు అంటుకొని పనిచేసే ప్రోటీన్లదేనని తేల్చాలంటే, మందు, మంచు అనే రెండింటినీ ముందుగా తోసిపుచ్చాలి.

సమస్య: క్రోమోసోములు చెల్లాచెదురుగా ఉన్నాయి, చలన దశ (క్రోమోసోములు విడిపోయి ధ్రువాల వైపు కదిలే దశ) ఒక్కటీ లేదు.

మొదటి కారణం కాల్చిసిన్ అనే మందు. అది సూక్ష్మనాళికలు తయారయ్యే ట్యూబులిన్ ప్రోటీన్‌కు అంటుకొని సూక్ష్మనాళికలను కట్టుకోనివ్వదు కాబట్టి, ఎనిమిది క్రోమోసోములను లెక్కపెట్టడానికి పనికివచ్చే ఆ మందే కండె అధ్యయనాన్ని పాడుచేస్తుంది. చలన దశ కావాలంటే కాల్చిసిన్‌నూ, కణాలను ఉబ్బించే సోడియం సిట్రేట్ ద్రావణాన్నీ రెండింటినీ మానాలి. రెండో కారణం మంచు. ఎండలు 40 డిగ్రీలు దాటే మే నెలలో మెదడు తీసే పళ్ళేన్ని ఐసు మీద పెట్టాలనిపించడం సహజమే గానీ, చలికి సూక్ష్మనాళికలు విడిపోతాయి; 25 డిగ్రీల గదిలో కోసి, తీసిన వెంటనే స్థిరీకరించడమే మార్గం. అసిటో-ఆర్సీన్ రంగు క్రోమోసోములకే పడుతుంది, కనుక కండెనే చూడదలిస్తే ట్యూబులిన్‌ను గుర్తించే ప్రతిదేహమూ (యాంటీబాడీ) ఫ్లోరసెన్స్ సూక్ష్మదర్శినీ తప్పనిసరి.

సమస్య: ఉత్పరివర్తన (జన్యువులో మార్పు) ఉన్న ఈగల స్టాకే, అయినా అన్ని కణాలూ మామూలుగా విభజన చెందుతున్నాయి.

ఎంచుకున్న డింభకాలను పరిశీలించండి. టీఎం6బి బాలెన్సర్ (ఉత్పరివర్తనను తరతరాలుగా నిలిపి ఉంచేందుకు వాడే క్రోమోసోము) ఉన్న స్టాకులో పొట్టిగా, లావుగా కనిపించే టబ్బీ డింభకాలలో మంచి జన్యు ప్రతి ఒకటి ఉంటుంది. సన్నగా, పొడవుగా ఉన్నవే కావాలి. పిండాలలో వెతికినా లోపం దొరకకపోవచ్చు, ఎందుకంటే తల్లి గుడ్డులో నింపిన ప్రోటీన్, ఆర్‌ఎన్‌ఏ తొలి విభజనలను నడిపిస్తాయి. ఆ నిల్వ తరిగిపోయాక, సీసా గోడ ఎక్కుతున్న మూడో దశ డింభకాల న్యూరోబ్లాస్టులలో (నాడీకణాలను పుట్టించే మెదడు కణాలలో) చూడండి.

సమస్య: అదే రోజు, అదే పద్ధతిలో చేసిన ఒరెగాన్-ఆర్ (ఉత్పరివర్తన లేని మామూలు ఈగల రకం) స్లైడు బాగుంది, ఉత్పరివర్తన స్లైడులో మాత్రమే కండె చెడింది.

ఇప్పుడు ఆకారాన్ని బట్టి కారణం ఊహించవచ్చు. ధ్రువాల దగ్గర పోగులు ఒక చోటికి చేరక విచ్చుకొని, కణాలు మధ్యస్థ దశలోనే (క్రోమోసోములు కండె నడుమ వరుసకట్టే దశ) పెద్ద సంఖ్యలో నిలిచిపోతే ఏఎస్‌పీ అనే ప్రోటీన్‌ను అనుమానించాలి. సూక్ష్మనాళికల మైనస్ కొనలను (ధ్రువం వైపు ఉండే కొనలు; అవతలివి ప్లస్ కొనలు) ధ్రువం వద్ద కూడగట్టేది అదే, మనుషుల్లో దీనికి సాటివచ్చే ఏఎస్‌పీఎం జన్యువు చెడితే బిడ్డ చిన్న తలతో పుడుతుంది. ఒకే కణంలో అదనంగా చిన్న చిన్న కండెలు ఉంటే మినీ స్పిండిల్స్ అనే ప్రోటీన్ లోపం కావచ్చు. ప్లస్ కొనలకు ట్యూబులిన్‌ను చేర్చి సూక్ష్మనాళికను పెంచే ఈ ప్రోటీన్‌ను డీ-టాక్ అనే మరో ప్రోటీన్ సెంట్రోజోముల (కండె ధ్రువాల వద్ద ఉండే కేంద్రాల) దగ్గరికి చేరుస్తుంది. ఒకే ధ్రువం చుట్టూ క్రోమోసోములు చేరితే మోటారు ప్రోటీన్ కేఎల్‌పీ61ఎఫ్ గానీ ఆర్బిట్ అనే ప్రోటీన్ గానీ, కణద్రవ్యం విడిపోక రెండు కేంద్రకాలు మిగిలితే ఫాసెటో అనే ప్రోటీన్ గానీ కారణం కావచ్చు.

ఊహ సరైనదేనా అన్నది ఆకారం ఒక్కటే తేల్చలేదు. ఆ క్రోమోసోము మీద దాగి ఉన్న వేరొక ఉత్పరివర్తన కూడా అలాగే కనిపించగలదు. అందుకని ఆ జన్యువున్న భాగం తొలగిపోయిన క్రోమోసోముతో జతకలిపినా అదే లోపం కనిపిస్తుందేమో చూడాలి, ఆపైన మంచి జన్యు ప్రతిని చేర్చినప్పుడు కండె మళ్ళీ సరిగా ఏర్పడుతోందో లేదో పరీక్షించాలి.