ఫ్లాట్ కొనే ముందు వాయిదాను కట్టి చూడండి

హైదరాబాద్‌లో యాభై లక్షల ఫ్లాట్‌కు బ్యాంకు ఇవ్వగలిగే గృహరుణం రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం గరిష్ఠంగా 80 శాతం, అంటే నలభై లక్షలు మాత్రమే కాబట్టి, మిగిలిన పది లక్షలతో పాటు సుమారు 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చులను, నిర్మాణంలో ఉన్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీని కూడా సొంత డబ్బుతోనే భరించవలసి ఉంటుంది. బ్రోచర్లలో ఈ లెక్క సాధారణంగా కనిపించదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో నివసించవచ్చని అధికారులు ఇచ్చే ధ్రువపత్రం) వచ్చిన తరువాత అమ్మే ఫ్లాటుకు జీఎస్టీ ఉండదు.

నలభై లక్షలకు 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్ల వాయిదా నెలకు దాదాపు 34,700 రూపాయలవుతుంది. దానికి అపార్ట్‌మెంట్ నిర్వహణ రుసుమును కలిపి, అందులో నుంచి ప్రస్తుత అద్దెను తీసివేయగా మిగిలే మొత్తాన్ని ఆరు నెలల పాటు జీతం పడిన రోజే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. పిల్లల స్కూలు ఫీజు, బీమా ప్రీమియం కట్టవలసిన నెలలు ఆ ఆరింటిలో తప్పక ఉండాలి, ఎందుకంటే అసలు పరీక్ష అప్పుడే. ఏ నెలలోనైనా క్రెడిట్ కార్డును ఆశ్రయించవలసి వస్తే, బ్యాంకు ఎంత రుణం మంజూరు చేసినా సరే, ఇంకాస్త చిన్న ఫ్లాటునో, పాత ఫ్లాటునో చూడడం మంచిది.